బాయి నడిచిందని చెప్పొచ్చునా?

కరీంనగర్‌ల ఏప్రిల్ 14 సభ అయిపోయింది. టెంటు కింద కుర్చీలు మడతేస్తున్నరు. మా సంఘంల పెద్దమనిషి ఒకాయన, నేను అన్నా అని పిలుస్త, నా సంచిల నుంచి ఒక సన్నటి పుస్తకం తీసి చూసిండు. పదహారు పేజీల బొమ్మల పుస్తకం. మాటలు నావే, బొమ్మలు నావే. కలర్ జిరాక్స్ తీయిస్తె మా నాయిన చెప్పులు కుట్టే దారంతోటి కుట్టిచ్చిండు. పేరు ‘నడిచిన బాయి’. ఊరి నడుమ బాయికి ఒక రాత్రి కాళ్లు మొలుస్తయి. నీళ్లు తొణకకుంట, కుక్కలు లేవకుంట, మెల్లగ నడుచుకుంట వాడకొస్తది. పొద్దుగాల లేచి పిల్లలు కడుపునిండ నీళ్లు తాగుతరు. అంతే కథ.

అన్న పుస్తకం మూసి, “తమ్మీ, బాయిలు నడుస్తయా?” అన్నడు.

నేను నవ్విన. ఆయన నవ్వలేదు.

“మహద్ చెరువు నడిచి మన దగ్గరికి వచ్చిందా? మనోళ్లే నడిచిపోయి తాగిన్రు. తన్నులు తిన్నరు. నువ్వు మాస్టరువు. ఆరేండ్ల పిలగానికి బాయి నడిచొచ్చిందని చెప్తె వాడు రేపు నడుస్తడా? బాయి కోసం ఎదురుసూసుకుంట కూసుంటడు.”

1927 మార్చి 20న బాబాసాహెబ్ జనంతోటి పోయి చవ్‌దార్ చెరువు నీళ్లు దోసిట పట్టిన సంగతి నాకు తెల్వంది కాదు. ఏటా ఆ రోజు మా బడిల చెప్తున్న. అయినా నాకు జవాబు రాలేదు. బస్సెక్కి రాయపట్నం వంతెన మీద గోదావరి దాటేదాక ఆ మాటే చెవుల పడ్డది. మన పిల్లలకు లేనిది ఉన్నట్టు చెప్పుడు ధర్మమేనా? ఆకలి గురించి, అంటరానితనం గురించి చెప్పాల్సిన నోటితోటి రెక్కల గురించి, నడిచే బాయిల గురించి చెప్పుడు ద్రోహం గాదా? ఈ వ్యాసం ఆ అన్నకు నేను ఇయ్యలేకపోయిన జవాబు. ఇది రాయవట్టినంక ఆయన అడిగినదానికంటె పెద్ద ప్రశ్నలు మా అవ్వ, మా బడి పిల్లలు అడిగిన్రు. అవి గూడ చెప్త.

*

మాది గోదావరికి ఇవతల, ధర్మపురి దిక్కు ఊరు. ఇప్పుడు జగిత్యాల జిల్లా, నేను పుట్టినప్పుడు కరీంనగర్ జిల్లా. మా ఇంట్ల కాయితం అంటే రేషన్ కార్డే. కథలు మాత్రం వచ్చేటివి, పొట్లాలల్ల. కిరాణ దుకాణపాయన పాత పిల్లల పత్రికలు కిలోల లెక్కన కొని చింపి ఉప్పు, చాయపత్త, పల్లీలు కట్టిచ్చేటోడు. అవ్వ కూలి నుంచి వస్త వస్త పొట్లం తెస్తె, అది ఒంపుడు ఆలస్యం, నేను కాయితం గుంజుకునేటోన్ని. రాకుమారుడు కొండచిలువ నోట్ల కాలు పెట్టేదాక కథ ఉండేది. ఆ తర్వాత చినిగిపోయి ఉండేది. రాత్రంత కండ్లు మూసుకొని మిగిలిన కథ నేనే చెప్పుకునేటోన్ని. నాకు తెలిసి నేను రాసిన మొదటి కథలు అవే.

ఆ పొట్లాలల్ల చందమామ కాయితాలు శాన ఉండేటివని డిగ్రీల చేరినంక లైబ్రరీల పాత బైండు చూస్తె తెలిసింది. 1947 జులైల మద్రాసుల చక్రపాణి, నాగిరెడ్డి మొదలుపెట్టిన పత్రిక. కొడవటిగంటి కుటుంబరావు ఏండ్ల తరబడి దాన్ని నడిపిండు. దాసరి సుబ్రహ్మణ్యం మంత్రాల, రాక్షసుల ధారావాహికలు రాసిండు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య బొమ్మలేసిన్రు. ఇప్పుడా పత్రిక లేదు. నేను వాటిని తిట్టడానికి ఇది రాస్తలేను. ఆ సగం సగం కాయితాలే లేకుంటె నాకు చదువు మీద ఆశ పుట్టకపోవు.

కాని ఒక పొట్లం యాది మరువను. అది ఏ పత్రికదో తెల్వదు, పైన పేరు చినిగిపోయింది. దాని మీద రాక్షసుని బొమ్మ ఉండె. నల్లగ ఉన్నడు. లావు పెదవులు, రింగుల ఎంటికలు. ఊరి బయట ఉంటడట. మాంసం తింటడట. వాని గుహ ముందట ఎముకలు పడి ఉన్నయి. నేను ఆ బొమ్మ చూసి తలకాయెత్తి మా ఇంటి ఎనుకకు చూసిన. అక్కడ గూడ ఎముకలుండె. తోలు ఊనేసిన లంద గుంట ఉండె. మేం ఊరి బయటనే ఉంటిమి. మా నాయిన నల్లగనే ఉంటడు. ఎనిమిదేండ్ల పిలగాన్ని, రాకుమారుని దిక్కు నిలబడి అంతదనుక చదువుతున్నోన్ని, ఒక్కపారి అర్థమైంది, ఈ కథల నేను ఎవల దిక్కో.

అప్పటి సంది నాకు ఒక సంగతి ఎరుకైంది. వింత కథల ఏదైనా జరగొచ్చు. కప్ప రాజు కావచ్చు, రాయి ఆడిది కావచ్చు, చెట్టు మాట్లాడొచ్చు. కాని వాడ ఊర్లెకు రాదు. మాదిగోడు మాదిగోని లెక్కనే రాకుమారుడు కాడు. ముందుగాల ఎవలో శపించిన రాజన్న అయి ఉండాలె. ప్రకృతి నియమాలు అన్ని తప్పుతయి, కులం నియమం ఒక్కటి తప్పదు. మరి దాన్ని కల్పన అంటరెట్ల? ఊహ అంత దూరం పోయి మా వాడ పొలిమేరల ఎందుకు ఆగిపోయింది?

*

మాకు వింత కథలు లేవని కాదు. బొమ్మల పుస్తకాలు గూడ లేవని కాదు. మా వాడకు డక్కలోళ్లు వస్తుండె. వాళ్లు మాదిగలనే అడుగుతరు, వాళ్లకు ఇచ్చే బాధ్యత మాది. పొద్దుగూకినంక పటం తీసి పైనుంచి కిందికి వేలాడదీసేది. చేర్యాల నకాషీలు వేసే పటాల తీరుగ ఎర్రటి నేల మీద ఒకదాని కింద ఒకటి బొమ్మలు. కట్టెతోటి ఒక్కొక్క బొమ్మను చూపెట్టుకుంట కథ చెప్పేది. సిరిసిల్ల పద్మశాలోళ్లకు కూనపులోళ్లు మార్కండేయ పురాణం చెప్పినట్టు, మాకు డక్కలోళ్లు జాంబపురాణం. భూమి పుట్టకముందు ఆరు నెలలకు పుట్టినోడు ఆది జాంబవుడు. ఆ మాట వచ్చినప్పుడు మా తాత మీసం మీద చెయ్యేసుకునేటోడు. పగలు దొర ముందట చెప్పులు చేత పట్టుకొని నడిచిన మనిషి, రాత్రి పటం కింద భూమికంటె పెద్దోడు అయ్యేటోడు. పిల్లలం నోరు తెరుచుకొని చూసేటోళ్లం. మాకు పుస్తకం లేకుండె గని, వాడంత కూసోని చదివే నిలువెత్తు పుస్తకం ఉండె.

కాని కథ కిందికి దిగుతున్న కొద్ది తాత చెయ్యి మీసం మీదికెల్లి కిందికి దిగేది. కామధేనువును కోసిన్రు, వండిన్రు, తిన్నరు, అందుకే దిగజారిన్రు, అందుకే తోలు పని. భూమి పుట్టకముందు పుట్టినోడు ఆఖరి బొమ్మ కాడికి వచ్చేసరికి ఊరి బయట ఉండె. మన కథే, మనకోసమే చెప్పే కథే, మనల్ని ఎత్తినట్టే ఎత్తి తీసుకపోయి అదే వాడల కూసోబెట్టింది. “చేసుకున్నోళ్లకు చేసుకున్నంత” అని మా నాయినమ్మ నిట్టూర్చేది. ఎవలు చేసిన్రు, ఏం చేసుకున్నరు అని ఆ వయసుల అడగలేదు. అడిగితె చెప్పే బొమ్మ ఆ పటంల లేదు.

గోదావరి దాటి ఆదిలాబాద్ దిక్కు పోతె గోండుల కథ ఇంకో తీరుగ ఉంటది. 2012 డీఎస్సీల ఉద్యోగం వచ్చి అటు పోయినంకనే అది నాకు తెలిసింది. పర్ధాన్లు కిక్రి వాయించుకుంట చెప్తరు. శంభు మహాదేవుడు గోండు దేవతలను గుహల మూసిపెట్టిండు. జంగుబాయి తోడుతోటి పహాండి కుపార్ లింగల్ వాళ్లను విడిపించిండు. గుహ తెరుచుకుంటది. బయటికొస్తరు. మూసిపెట్టినోడు దేవుడే అయినా మూసిపెట్టుడు మూసిపెట్టుడే అని ఆ కథ దాచకుంట చెప్తది. ఏ పాపం చేసి గుహల పడ్డరని వాళ్ల పిల్లలు తలకాయ వంచుకునే అవసరం లేదు. రెండు కథలు పక్కపక్కన పెట్టుకుంటె నాకు ఒకటి తేటపడ్డది. వింత మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న తప్పు ప్రశ్న. ఆ వింత ఆఖరికి ఎవల తప్పును ఎవల మీద వేస్తున్నదో చూడాలె.

*

నేను ఎస్జీటీని. ఒకటో తరగతి, రెండో తరగతి నావే. నేతకాని, మాదిగ, గోండు, లంబాడ పిల్లలు. 2022ల తొలిమెట్టు వచ్చినంక ప్రతి పిలగానికి చదువుడు రావాలె అని గట్టిగ పట్టుకున్నం. చదువుడు రావాలంటె చదవబుద్ధయ్యేది ఉండాలె గదా. బడి పెట్టెల ఉన్న పుస్తకాలు ముందటేసుకొని చూసిన. మంచి పుస్తకాలు లేవని అనను. కాని మా పిల్లల అసోంటి పిల్లలు వాటిల ఎక్కడొస్తరు? చేతులు కడుక్కోవాలె అనే పాఠంల వస్తరు. బడి మానొద్దు అనే పాఠంల వస్తరు. తాగుబోతు తండ్రి ఉన్న కథల వస్తరు. ఏనుగు మీద ఎక్కి చంద్రుని కాడికి పోయే పుస్తకంల రారు. అంటే మా పిల్లలు ఒక సమస్య లెక్క పుస్తకాలకెక్కిన్రు, పిల్లల లెక్క ఎక్కలేదు.

మన సాహిత్యం గూడ ఇక్కడ కొంత తప్పు చేసిందని నాకనిపిస్తది. మనం గాయం రాసినం, కోపం రాసినం, ఆత్మకథలు రాసినం. రాయాలె. కాని అయిదేండ్ల పిల్ల చేతిల పెట్టేది ఏం రాసినం? ఈ మాట అందరికి వర్తించదు. 2008ల హైదరాబాద్ అన్వేషి సంస్థ ‘డిఫరెంట్ టేల్స్’ అని తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల పిల్లల పుస్తకాలు తెచ్చింది. మహమ్మద్ ఖదీర్‌బాబు తలకాయ కూర వండే ఇల్లును పిల్లల పుస్తకంలకు తెచ్చిండు. గోగు శ్యామల తాటకి పేరుతోటి కథ రాసింది, ఆ కథ పేరులనే తాటకి గెలుస్తది. పొట్లం కాయితం మీది రాక్షసున్ని చూసి తల వంచుకున్న పిలగానికి ఆ పేరు ఎంత ధైర్యమో నేను చెప్పలేను. కాని అవి ఎక్కువగ కొంచెం పెద్ద పిల్లలకు. ఇంక అక్షరాలు కూడబలుక్కునే పిల్లల కోసం, నాలుగు మాటలు, ఒక పెద్ద బొమ్మ, పేజీ తిప్పితె ఆశ్చర్యం, అసోంటిది మా వాడ నుంచి కావాలె అని కూసున్న.

బొమ్మల పుస్తకం రాసుడు అలక అనుకున్న. అలక కాదు. బొమ్మ చెప్పింది మాట మళ్ల చెప్పొద్దు. బాయికి కాళ్లొచ్చినయని బొమ్మల కనవడ్డంక కింద ‘బాయికి కాళ్లొచ్చినయి’ అని రాస్తె పిల్లలు ‘కనవడుతనే ఉంది సార్’ అంటరు. పేజీ తిప్పే కాడ ఊపిరి ఆగాలె. కాయితం మడిస్తె నాలుగు పేజీలు, కాబట్టి కథ నాలుగు లెక్కన సాగాలె. బాయి కాళ్లు ఎట్లుండాలె అని వారం ఆలోచించిన. ఆఖరుకు మా నాయినమ్మ కాళ్లు వేసిన. పగుళ్ల మడిమెలు, వెండి కడియాలు లేని కాళ్లు.

బాయికి కాళ్లెట్ల వచ్చినయో చెప్పాలె గదా. అందుకు ఒక ముసలమ్మను పెట్టిన. మంత్రాల ముసలమ్మ. చేతిల కట్టె, జుట్టు ఇరబోసుకొని ఉంటది. అర్ధరాత్రి బాయి చుట్టు తిరిగి మంత్రం ఏస్తది. అది నేను ఎక్కడ్నుంచి తెచ్చిన్నో ఆలోచించలేదు. పొట్లం కాయితాల నుంచే వచ్చిందని ఇప్పుడు తెలుస్తున్నది.

*

అన్నతోటి మాటలయిన వారానికి ఇంటికి పోయినప్పుడు పుస్తకం మా అవ్వకు చదివి వినిపించిన. అవ్వకు చదువు రాదు, బొమ్మలు చూసింది. బాయి కాళ్లు చూసి “గివి మా అత్త కాళ్ల తీర్గ ఉన్నయి” అని నవ్వింది. ఆఖరి పేజీల పిల్లలు నీళ్లు తాగుతున్నరు. అవ్వ ఆ బొమ్మ మీద చెయ్యి పెట్టి శానసేపు ఊకున్నది.

“బాయి దానంతట అదే వచ్చిందా కొడుకా?”

“అవునే.”

“మరి మేం నిలవడ్డది?”

నాకు సమజ్ కాలేదు. అవ్వ చెప్పింది. ఆమె కొత్తగ కాపురానికి వచ్చినప్పుడు ఊరి బాయి కాడ మేం చేదుకునే హక్కు లేదు. కుండ కింద పెట్టి దూరం నిలవడాలె. పెద్దకులపోళ్లు ఎవలన్న వచ్చి, వాళ్లకు దయ కలిగితె, బొక్కెన ఎత్తి పైనుంచి పోస్తరు. సగం కుండల, సగం నేల మీద. తెల్లారి పోతె మునిమాపుకు రెండు కుండలు. ఆ బాయి తవ్వినప్పుడు వడ్డెరోళ్లు రాళ్లు పగలగొట్టిన్రట, మా తాత, వాడ మగోళ్లు వెట్టికి మట్టి మోసిన్రట. మోసినోని కోడలు ఆ బాయి కాడ చెయ్యి చాపి నిలవడ్డది. తర్వాత వాడ పిలగాండ్లు కొందరు పట్టుబట్టి కొట్లాడి బొక్కెన వేసిన్రు. ఒకాయన తలకాయ పలిగింది. ఆనాటి సంది చేదుకుంటున్నం.

“నీ కథల గదంత యాడబాయె? బాయికి కాళ్లొస్తె మా కాళ్లు ఎందుకు గుంజినయి గంతసేపు?”

నేను ఎన్నో సభలల్ల ఉపన్యాసాలు విన్న. కల్పన గురించి ఇంత పెద్ద విమర్శ ఎక్కడా వినలేదు. అన్న అడిగింది రేపటి గురించి, పిలగాడు నడుస్తడా అని. అవ్వ అడిగింది నిన్నటి గురించి. మాయ చేసి నీళ్లిస్తె, నీళ్లు ఆపినోడు ఆ కథల నుంచి తప్పించుకపోతడు. కొట్లాడి నీళ్లు తెచ్చినోడు గూడ మాయమైతడు. ఎవలకు సిగ్గు లేదు, ఎవలకు ఘనత లేదు. అసలు అబద్ధం బాయి నడుచుడుల లేదు, ఎవలు ఆపలేదన్నట్టు నడుచుడుల ఉంది.

అయినా పుస్తకం అట్లనే బడికి తీసుకపోయిన. మార్చుదాంలే అనుకున్న గని పిల్లల ముందట చదువుదామన్న ఆత్రం. అది నా రెండో తప్పు.

పిల్లలు మస్తు నవ్విన్రు. బాయి కాళ్లు చూసి లేచి నిలవడి బాయి లెక్క నడిచిన్రు. రెండో తరగతి పిల్ల ఒకతె మాత్రం ముసలమ్మ బొమ్మ వచ్చినకాడ్నుంచి నోరు మెదపలేదు. మర్నాడు బడికి రాలేదు. మూడో నాడు వచ్చింది, ఎనుక బల్ల మీద ఒక్కతె కూసున్నది. దుఃఖం ఆపుకుంట అడిగితె పక్క పిలగాడు చెప్పిండు, “సార్, గామె మంత్రాలదాని మనుమరాలు. పుస్తకంల ఉన్నది గామె ముసలమ్మనే.”

ఆ పిల్ల నాయినమ్మ మీద ఊర్ల ఎప్పటి సందో ఆ నింద ఉన్నది. ఎవల బర్రె చచ్చినా, ఎవలకు జరమొచ్చినా ఆమె పేరే. నాకు తెల్వదు. తెలుసుకోవాల్సిన మనిషిని, తెలుసుకోలేదు. ఇంకెక్కడనో మంత్రగత్తె అంటె టోపి పెట్టుకొని చీపురు మీద ఎగిరే బొమ్మ కావచ్చు. మా జిల్లాలల్ల అది మనిషిని చంపే మాట. 2022 జనవరిల జగిత్యాలల ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను మంత్రాల అనుమానంతోటి పొడిచి చంపిన్రు. ఎక్కువసార్లు ఈ నింద ఎవల మీద పడుతది? ఒంటరి ముసలోళ్ల మీద, దిక్కులేనోళ్ల మీద, మనోళ్ల మీద. ఊరంత ఆమె మీద వేసిన బొమ్మను నేను రంగులేసి, మాస్టరు చేతితోటి, పిల్లలకు ఇచ్చిన. నన్ను రాక్షసున్ని చేసిన పొట్లం కాయితం నేనే మళ్ల కట్టిన.

సాయంత్రం వాళ్లింటికి పోయిన. చేతులు జోడించి తప్పయిందన్న. ముసలామె మంచంల నుంచి లేవలేదు. “నాకు మంత్రాలే వస్తె సారూ, ముందుగాల ఈ మోకాళ్ల నొప్పులు పోగొట్టుకోనా?” అన్నది. మనుమరాలు కిసుక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి ఆ పేజీలు చింపి పొయ్యిల పెట్టిన.

*

అట్లయితె కల్పన మానుకోవాలెనా? నిజమే రాయాలెనా? శాన రోజులు ఇదే కొట్టుకున్న. రెండు పుస్తకాలు నన్ను నిలబెట్టినయి.

ఒకటి జాషువ ‘గబ్బిలం’. 1941ల వచ్చింది. అరుంధతీసుతుడు తన దుఃఖాన్ని కాశీల ఉన్న శివునికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతడు. గబ్బిలం రాయబారం పోవుడు నిజమా? కాదు. కాని మనిషిని రానియ్యని గుడిలకు గబ్బిలం పోవుడు పచ్చి నిజం. ఆ కల్పన లేకుంటె ఆ నిజం అంత కొట్టొచ్చినట్టు కనవడకపోవు. జాషువ గబ్బిలానికి మాటలిచ్చిండు గని గుడి తలుపులు మాత్రం మాయతోటి తెరవలేదు.

రెండోది 2011ల వచ్చిన ‘భీమాయన’. దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలేసిన్రు. వాళ్లు మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండులు, మన ఆదిలాబాద్ పర్ధాన్లకు చుట్టాలసోంటోళ్లే. 1901ల చిన్న భీమ్ తండ్రిని చూడ గోరేగావ్ పోతున్నప్పుడు దారిల నీళ్లు పుట్టకపోయిన సంగతి దాంట్ల ఉంది. ఒక్క సంఘటన కల్పించింది కాదు. కాని బొమ్మలు చూడుండ్రి. మంచి మాటలకు పిట్ట ఆకారం, విషపు మాటలకు తేలు కొండి. మాటకు కొండి ఉంటదా? మా బడి పిల్లలకు చూపెట్టి అడిగిన. “ఉంటది సార్” అన్నరు, ఒక్కలు గూడ ఆలోచించలేదు. వాళ్లకు ఆ కొండి పొడిచినట్టు యాదికున్నది.

ఇంకో పేరు గూడ యాదికొస్తది. 2016 జనవరి 17న హైదరాబాద్ యూనివర్సిటీల ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల కార్ల్ సాగన్ లెక్క సైన్సు రాయాలనుకున్నడు. ఆయన ఆఖరి ఉత్తరంల నక్షత్రాలున్నయి. మన పిలగాండ్లకు నక్షత్రాలు ఎందుకు, హక్కులు చాలు అనే వాళ్లకు నేను ఆ ఉత్తరం చూపెడుత. ఆయనకు హక్కులు కావాలె, నక్షత్రాలు గూడ కావాలె. ఒకటే ఇచ్చి రెండోది తర్వాత చూద్దామనుడు మనం గూడ చెయ్యొద్దు. పై కులాల పిల్లలకు పుట్టుకతోటే ఆకాశం ఇస్తరు, మన పిల్లలకు ముందుగాల వాళ్ల దుఃఖం అప్పజెప్పి సంతకం పెట్టించుకుంటం. ఆరేండ్ల పిల్ల ఉద్యమానికి కార్యకర్త కాదు. కాని ఆమెకు అబద్ధం చెప్పే హక్కు గూడ మనకు లేదు. ఈ రెండింటి నడుమ సన్నటి తొవ్వ మీద నడువాలె, జారితె ఏమైతదో నా పుస్తకంతోటి నేనే చూసిన.

*

బాయి కథ మళ్ల రాసిన. ఈసారి బాయి నడువదు. మాట్లాడుతది. రాత్రయితె తనను తవ్వినోళ్ల పేర్లు, మట్టి మోసినోళ్ల పేర్లు ఒక్కొక్కటి పిలుస్తది. ఊరికి నిద్రపట్టదు. చెవులల్ల దూది పెట్టుకుంటరు, బాయి మీద మూత పెడుతరు. మూత కిందికెల్లి గూడ పేర్లు వినవడుతనే ఉంటయి. వాడల పిల్లలు లేచి, “మా తాత పేరు పిలుస్తుందే!” అని కుండలు పట్టుకొని, పట్టపగలు, ఊరి నడుమ నుంచి నడుచుకుంట పోతరు. నడిచేది పిల్లలు. ఎదురుంగ ఊరోళ్లు నిలవడి ఉంటరు. బొక్కెన దిక్కు ఒక చిన్న చెయ్యి పోతది. అక్కడ ఆపిన. ఆఖరి పేజీ తెల్లగ ఇడిచిపెట్టిన. ఎట్ల ముగించాలెనో నిజంగనే నాకు తెల్వలేదు, పిల్లలనే వెయ్యమన్న.

ఒకడు బొక్కెన నిండ చేపలు వేసిండు. ఒకామె పోలీసు జీపు వేసింది, జీపు ఎవలను పట్టుకపోవడానికి వచ్చిందని అడిగితె “ఇంక తెల్వది సార్” అన్నది. గోండు పిలగాడు బాయికి తలుపు పెట్టి, తలుపు తెరిచి, లోపల్నుంచి మనుషులు బయటికొచ్చుడు వేసిండు. లింగల్ కథ వాళ్లింట్ల చెప్పి ఉంటరు. ఒకడు బాయికి మళ్ల కాళ్లు వేసిండు. వద్దనలేదు.

ఎనుక బల్ల పిల్ల ఆఖరున తెచ్చింది. బాయి గట్టు మీద ముసలామె కూసున్నది. జుట్టు ఇరబోసుకొని లేదు, సక్కగ కొప్పు పెట్టుకున్నది. కాళ్లు కిందికి వేసి ఊపుతున్నది. మోకాళ్లు రెండు ఎర్రగ, గుండ్రంగ, పెద్దగ వేసింది.

“మోకాళ్లు గట్లున్నయేందిరా?”

“గవి నొస్తలేవు సార్ ఇప్పుడు.”

ఆమె నాయినమ్మ ఆ ఊరి బాయి గట్టు మీద ఎన్నడూ కూసోలేదు. బహుశా కూసోదు గూడ. ఆ మోకాళ్లు నొస్తనే ఉన్నయి. మరి ఆ పిల్ల వేసింది అబద్ధమా? ఆమెకు ఏది జరిగిందో తెలుసు. ఏది జరగలేదో గూడ తెలుసు. జరగాల్సింది వేసింది.

రెండో పుస్తకం తీసుకపోయి అన్నకిచ్చిన. నిలవడే చదివిండు. బాయి మాట్లాడుడు దగ్గర మొఖం చిట్లించిండు గని ఏమనలేదు. ఆఖరి తెల్ల పేజీ చూసి అచ్చు పడలేదనుకున్నడు, పిల్లల కోసమని చెప్పిన.

“నీళ్లు ఆపినోని పేరు ఎందుకు రాయలేదు?” అన్నడు.

“మోసినోళ్ల పేర్లు రాసిన గదనే.”

“అవి రాసినవ్. ఇది గూడ రాయాలె.”

ఆ మాట మీద ఇద్దరం బస్టాండు దాక కొట్లాడుకుంట పోయినం. బస్సెక్కినంక కిటికీ కాడికొచ్చి పది పుస్తకాలు కావాలన్నడు. మా నాయిన మళ్ల ఆరె పట్టుకున్నడు. కాయితానికి గంత మందం దారం ఎందుకు నాయినా అంటె, “పోరగాండ్లు గుంజుతరు, ఊడొద్దు” అన్నడు.